ఆరేళ్ళ ఉషఃపానం

యోగా టీచర్లుగా కొత్తగా చేరిన పిల్లలు ముగ్గురు ఈ మధ్య చింతామణిలో మా ఇంటికి వచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పండి, రాసుకుంటాం" అని చాప మీద కూర్చున్నారు. చెప్పబోయాను. మాట మార్చి, కాఫీ తాగించి పంపేశాను. అందుకే ఇప్పుడు నేనే రాస్తున్నాను.

నేను హైస్కూల్లో డ్రిల్ మాస్టరుగా చేరి డ్రిల్ మాస్టరుగానే రిటైరయ్యాను. మధ్యలో ఒక పదేళ్ళు యోగా సారు అని కూడా పేరు పడింది. చిక్కబళ్ళాపురం పోటీల్లో మా పిల్లలు ఏ కప్పు గెలిచారో, ఎవరెవరు నాకు శాలువా కప్పారో ఇందులో ఉండదు. శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటి సంగతి చిమ్మెటలు చూసుకుంటున్నాయి.

నేను పనిచేసిన పల్లె కన్నడ సీమలో ఉన్నా తెలుగే మాట్లాడే బాగేపల్లి తాలూకాలో, పాతపాళ్య వైపు ఉంది. పేరు రాయను. అక్కడి జనం ఇప్పటికీ సంతలో కనపడితే "సార్, బాగుండారా?" అని పలకరిస్తారు. ఆ పలకరింపుకే నేను కొనాల్సినవి కొనకుండా ఇంటికి వచ్చేస్తాను. ఇంక వాళ్ళ ఊరి పేరు కూడా రాసి రచ్చకెక్కించడం ఎందుకు?

వంగనిది ఒళ్ళు కాదట

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పై ఆఫీసు వాళ్ళు నన్ను నలభై రోజుల యోగా శిక్షణకు బెంగళూరు పంపించారు. అక్కడి ఆచార్యులు అరవై దాటిన మనిషి. వెదురు బద్దలా ఉండేవారు. మేము ముందుకు వంగి కూర్చుంటే వచ్చి మా వీపుల మీద కూర్చునేవారు. ప్రాణం పోతోంది స్వామీ అంటే, "వంగనిది ఒళ్ళు కాదప్పా, అహంకారం" అనేవారు.

అబద్ధం ఎందుకు, నాకు ఆయన వల్ల చాలా మేలు జరిగింది. అంతకు ముందు నాకు ముక్కు మీద కోపం. పిల్లవాడు వరుస తప్పితే చెంప పగలాల్సిందే. ప్రాణాయామం పట్టిన ఆరు నెలలకు, ఎత్తిన చెయ్యి దానంతటదే మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మా ఆవిడే ముందు కనిపెట్టింది. "ఏమండీ, ఈ మధ్య గిన్నెలు ఎగరడం లేదే!" అని ఎగతాళి చేసింది. నిద్ర బాగా పట్టేది. ఒంట్లో బలం పెరిగింది. మనసు ఒక చోట నిలవడం అంటే ఏమిటో నలభై ఏళ్ళ వయసులో మొదటిసారి తెలిసింది. నా నుదురు మోకాళ్ళకు తగిలిన రోజు, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

దాంతో ఆయన చెప్పిందల్లా వేదమని నమ్మాను. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో ఆసనాలు మంచివి, శ్వాస మంచిది, ఆ ఒక్క మాటే చెడ్డది. నేను మాత్రం ఊరికి తిరిగొచ్చి అన్నిటికంటే ఎక్కువగా వాడింది ఆ మాటనే.

పాతాళగంగ

అవి కరువు రోజులు. బావులు అడుగంటాయి, చేతిపంపులు గాలి కక్కేవి. మా హెడ్మాస్టరు పట్టుదల గల మనిషి. ఎవరెవరి గడపలు తొక్కాడో గానీ, స్కూలు మైదానంలో బోరు వేయించాడు. ఊళ్ళో అంత లోతుకు అంతకు ముందు ఎవరూ దించలేదు. బండ మీద బండ వచ్చింది. ఇంక లాభం లేదు, గొట్టాలు ఎత్తేస్తామని బోరు వేసేవాళ్ళు అంటుండగా నీళ్ళు ఎగజిమ్మాయి. గోరువెచ్చగా ఉన్నాయి. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు చల్లారు. హెడ్మాస్టరు టెంకాయ కొట్టి, "పాతాళగంగప్పా, పాతాళగంగ!" అని తడిసిన పంచెతోనే అటూ ఇటూ తిరిగాడు. ఆ తర్వాత ఊరికంతా అవే నీళ్ళు.

ఆ మైదానంలోనే పొద్దున ఐదున్నరకు నా యోగా క్లాసు. పొలాలకు పోయే ముందు ఊరివాళ్ళు వచ్చేవారు. ఒకరోజు హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఏమప్పా, మీ యోగంలో పొద్దున్నే నీళ్ళు తాగే పద్ధతి ఏదో ఉండాదంట కదా? మన బోరు నీళ్ళు తాపించు. పెద్దాఫీసర్లు వస్తే చూపించుకోను బాగుంటాది" అన్నాడు.

ఉన్నది నిజమే. ఉషఃపానం అంటారు. తెల్లవారుజామున పరగడుపున నీళ్ళు తాగడం. నాకూ అది నచ్చింది. ప్రతివాళ్ళూ ఇంటి నుంచి రాగిచెంబు తెచ్చుకోవాలి, కొళాయి దగ్గర వరుసగా నిలబడి రెండు చెంబులు తాగాలి, ఆ తర్వాతే చాప పరవాలి. ఒక్క చెంబుతో సరిపెట్టుకున్నవాళ్ళను వెనక్కి పంపేవాణ్ణి. చూడముచ్చటగా ఉండేది. తాలూకాఫీసు వాళ్ళు ఫొటోలు తీసుకున్నారు.

నేను మాత్రం అక్కడ తాగేవాణ్ణి కాదు. ఆ నీళ్ళు నాకు నోటికి పట్టేవి కావు. నేను అద్దెకున్నది రెండు మైళ్ళ అవతల పక్క ఊళ్ళో. ఆ ఇంటి పెరట్లో పాత బావి ఉండేది, ఎంత కరువులోనూ దాని అడుగున కాసిని తియ్యటి నీళ్ళు ఊరేవి. నాలుగింటికే అవి తాగి సైకిలెక్కేవాణ్ణి. ఎవరైనా అడిగితే, "గురువు ముందు తాగల్ల, శిష్యులు తరువాత తాగల్ల. అది పద్ధతి" అని చెప్పేవాణ్ణి. ఏ గ్రంథంలోనూ అలాంటి పద్ధతి లేదు. అప్పటికప్పుడు నా నోటికి వచ్చింది.

గంగులమ్మ

మొదటి రోజు నుంచీ వచ్చినవాళ్ళలో గంగులమ్మ ఒకతె. అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఇంట్లో పట్టుపురుగులు మేపేది. ఆ కాపురానికి ఆధారం ఆ పురుగులే. పురుగుల తట్టలు నేల నుంచి అటక దాకా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రోజుకు నాలుగైదు సార్లు కింది తట్ట దాకా వంగి ఆకు వెయ్యాలి, పెంట తియ్యాలి.

"కింది తట్టకు వంగితే లేయలేను, లేస్తే వంగలేను సార్. నడుం పట్టేస్తాండాది. మీ యోగం చేస్తే ఒళ్ళు సాగుతాదంట కదా? ఈ నడుమొక్కటి నిలబెట్టండి సార్, అంతే చాలు నాకు" అంది.

వెనకే వచ్చిన ఆమె మొగుడు మునెప్ప ఊరుకుంటాడా! "దానికి వంగేది ఎప్పుడు వచ్చె సార్? పెండ్లినాడు నా కాళ్ళకు మొక్కమంటే గూడా బిర్రుగా నిలబడుకొనె" అన్నాడు. అందరూ నవ్వారు. గంగులమ్మ చెంబు ఎత్తి కొట్టబోయింది.

ఆమె లాంటి విద్యార్థి నాకు మళ్ళీ దొరకలేదు. వాన వచ్చినా, జ్వరం వచ్చినా, పురుగులు గూడు కట్టే వారమైనా ఐదున్నరకు ముందే చెంబుతో నిలబడేది. రెండు చెంబులు తాగమంటే మూడు తాగేది. శ్వాస మీద ఆమెకు కుదిరిన నిలకడ నాకే కుదరలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంటే పక్కన కుక్కలు కొట్లాడుకున్నా రెప్ప కదిలేది కాదు. నడుము మాత్రం ఏటికేడు బిగుసుకుపోయింది. మొదటి ఏడు ముందుకు వంగితే చేతులు పిక్కల దాకా వచ్చేవి. మూడో ఏటికి మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి.

తప్పు నాలోనో, నా పాఠంలోనో, ఇంకెక్కడైనా ఉందేమోనని ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది! నేను ఆలోచించలేదు. ఒకరోజు అందరి ముందూ అనేశాను. "గంగులమ్మా, వంగనిది ఒళ్ళు కాదు. నీలో అహంకారం ఉండాది."

ఆమె తెల్లబోయింది. "నాకేం అహంకారం సార్? రేకుల ఇల్లు, నాలుగు తట్టల పురుగులు" అంది. కాసేపు ఆలోచించి, "ఉంటాదేమో లే సార్. లోపల యాడో దాక్కోనుంటాది. మీకు కనపడి ఉంటాది" అని తలవంచుకోబోయింది. తల కూడా సగమే వంగింది. ఆ వారం నుంచే సోమవారాలు ఒక పూట అన్నం మానేసిందని తర్వాత మునెప్ప చెప్పాడు. నేను మెచ్చుకున్నాను కూడా!

నాలుగో ఏట ఇంకో ఘనకార్యం చేశాను. ఆమె కాళ్ళు చాపుకుని ముందుకు వంగి తంటాలు పడుతుంటే, మా ఆచార్యులు గుర్తొచ్చి, రెండు అరచేతులూ ఆమె నడుము మీద పెట్టి నొక్కాను. ఇంకా నొక్కాను. లోపల ఎక్కడో టక్కుమంది. చేతులు తీసేశాను. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "పర్వాలే సార్, నొక్కండి" అంది. వారం రోజులు మంచం దిగలేదు. ఎనిమిదో రోజు మళ్ళీ చెంబుతో వచ్చి వరుసలో నిలబడింది.

డాక్టరమ్మ చేయించిన మూడు పనులు

ఆరో ఏట దగ్గర్లోని ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, కన్నడం తప్ప రాదు. ఒక తెల్లవారుజామున చెప్పా పెట్టకుండా మా క్లాసుకు వచ్చింది. "మీ ఊరి నుంచి కీళ్ళ నొప్పులని చాలామంది వస్తున్నారు. ఏం చేస్తున్నారని ఎవర్నడిగినా యోగా చేస్తున్నాం అంటున్నారు. చూసిపోదామని వచ్చాను" అని నాకు కన్నడంలో చెప్పింది. పొగడ్త అనుకుని పొంగిపోయాను.

కాసేపు చూసి, "మూడు పనులు చేయిస్తారా?" అని అడిగింది. గడ్డం రొమ్ముకు ఆనించడం. రెండు చేతులూ తల వెనక కట్టుకోవడం. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు తాకడం. ఓస్, ఇంతేనా! రోజూ మేము ముందుగా చేసేవి అవే. గట్టిగా గొంతు పెంచి చేయించాను.

"మీవాళ్ళను చూడండి" అంది.

చూశాను. రోజూ చూస్తున్నవాళ్ళనే ఆ రోజు మొదటిసారి చూశాను. ఆ ఎండాకాలం కొత్తగా చేరినవాళ్ళు, పక్క ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు వంగుతున్నారు. మొదటి నుంచీ వస్తున్న పాతవాళ్ళు వంగలేకపోతున్నారు. సగంమందికి గడ్డం రొమ్ముకు అందడం లేదు. ఎక్కడైనా పాతవాళ్ళు వంగాలి, కొత్తవాళ్ళు తంటాలు పడాలి. నా క్లాసులో అంతా తలకిందులు! ఆరేళ్ళు ఎదురుగా నిలబడి పాఠం చెప్పిన నా కళ్ళకు అది ఆనలేదు.

క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయే దాకా ఆమె ఆగింది. బడి మెట్ల మీద కూర్చుని, "ఏం నీళ్ళు తాగుతారు వీళ్ళు?" అని అడిగింది.

నేను కొళాయి చూపించాను. చెబితే సిగ్గుచేటు, అప్పటికీ నా గొంతులో గర్వం పోలేదు. "బోరు నీళ్ళే మేడమ్, ఇళ్ళలో కూడా అవే. ఇక్కడ దాని మీద రోజూ రెండు చెంబులు, పరగడుపున. నేనే పెట్టాను. ఆరేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత నిదానంగా చెప్పింది. లోతు బండల్లో నుంచి వచ్చే నీళ్ళలో ఫ్లోరైడు ఉంటుందట. ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకలకు పడుతుందట. కీళ్ళు బిగుసుకుంటాయి, మెడ తిరగదు, నడుము వంగదు. పైకి గట్టిపడినట్టుండే ఎముక లోపల పెళుసవుతుంది. "ఇది వ్యాయామంతో వదిలేది కాదు. ఇలాంటి వాళ్ళను బలవంతంగా వంచితే విరుగుతుంది. మీరెవర్నీ నొక్కలేదు కదా?" అంది.

నా రెండు అరచేతులూ వీపు వెనక దాచుకున్నాను.

"మీరొకసారి వంగండి" అంది. వంగాను. రెండు అరచేతులూ నేలకు ఆనాయి. "మీరు తాగేదెక్కడ?"

"మా ఇంట్లో మేడమ్. పెరటి బావి."

ఆమె ఒక సీసాలో కొళాయి నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఆ మెట్ల మీదే, బడి గంట కొట్టే దాకా కూర్చున్నాను.

కొళాయి పిడి

ఆ రోజే కొళాయి పిడి విప్పి జేబులో వేసుకున్నాను. హెడ్మాస్టరు మండిపడ్డాడు. "ఎవురో చిన్నపిల్ల వచ్చి చెప్తే నమ్మేదేనా? నీళ్ళు లేక చస్తావుంటే నీళ్ళు తెచ్చి ఇస్తిని. ఇప్పుడు నేను విషం పోసినట్లా?" అని అరిచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన చేసిందీ మంచికే. వారానికి పరీక్ష కాగితం వచ్చింది, తాగడానికి పనికిరావని. ఆయన దాన్ని మూడుసార్లు చదివి, మడిచి నా చేతిలో పెట్టాడు. తర్వాత ఊరికి మంచినీళ్ళ ట్యాంకరు కోసం ఆయన తిరిగినట్టు ఇంకెవరూ తిరగలేదు.

"ఇళ్ళలో ఎట్లా అవే నీళ్ళు తాగుతాండ్రి కదా, నీ రెండు చెంబులతోనే వచ్చిందా ఏమి?" అని కూడా ఒకసారి ఓదార్చాడు. ఆ మాట పట్టుకుని నిద్రపోవాలని చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

ఇక్కడ ఆగి మీకు చెప్పవలసినవి

ఇంకొక్క సంగతి మిగిలింది. అది రాశాక నాకు పాఠాలు చెప్పే ఓపిక ఉండదు కాబట్టి, పిల్లలూ, మీకు చెప్పాల్సినవి ఇక్కడే చెప్పేస్తాను.

ఎవరినీ నొక్కకండి. వాళ్ళు నొక్కమన్నా నొక్కకండి. మీ మీద భక్తి ఉన్నవాళ్ళు నొప్పి పుట్టినా చెప్పరు, కాబట్టి వాళ్ళ విషయంలో రెండింతలు భయపడండి. ఎవరైనా ఏళ్ళ తరబడి చేసినా మెరుగు పడకపోతే ముందు మీ పాఠాన్ని అనుమానించండి, తర్వాత వాళ్ళ తిండినీ నీళ్ళనూ అడగండి, డాక్టరు దగ్గరికి పంపండి. వాళ్ళ మనసును, పాపపుణ్యాలను తవ్వకండి. మీరు చెయ్యని పని వాళ్ళ చేత చేయించకండి, మీరు తాగని నీళ్ళు తాపించకండి.

యోగాను నేను వదిలిపెట్టలేదు. ఈ రోజుకీ తెల్లవారి లేచి కూర్చుంటాను. క్రమం తప్పకుండా చేస్తే ఒంటికి బలం వస్తుంది, మనసు కుదురుకుంటుంది, అది నా అనుభవం. కానీ క్రమం తప్పకపోవడం ఒక్కటే గొప్ప అని మాత్రం ఎవరికీ చెప్పకండి. తప్పు పనిని కూడా క్రమం తప్పకుండా చెయ్యొచ్చు. నేను చేయించాను.

గంగులమ్మ గుమ్మంలో

డాక్టరమ్మ వచ్చి వెళ్ళాక రెండు రోజులు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి క్లాసుకు పోలేదు. మూడో రోజు సాయంత్రం గంగులమ్మ ఇంటికి వెళ్ళాను. దారంతా ఆమె తిడితే బాగుండునని కోరుకున్నాను. మునెప్ప కొట్టినా పడదామనుకున్నాను.

ఆమె గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని ఆకు కోస్తోంది. లోపల మునెప్ప కింది తట్టలకు ఆకు వేస్తున్నాడు. అంటే ఆమె అప్పటికే ఆ పని వదిలేసిందన్నమాట. నాకు చెప్పనేలేదు.

"రాండి సార్! ఒళ్ళు బాగలేదంటిరే, ఎట్లుండాది?" అంది.

నిలబడే చెప్పాను. నీళ్ళ సంగతి, ఎముకల సంగతి, నేను నొక్కిన సంగతి. మునెప్ప ఆకు బుట్టతో అలాగే నిలబడిపోయాడు. గంగులమ్మ కొడవలి పక్కన పెట్టింది.

"మీరు గూడా తాగితిరి కదా సార్? మీకేమీ కాలేదే?" అంది.

ఆ క్షణంలో అబద్ధం ఆడటం ఎంత సులభమో మీకు చెప్పలేను. అది నోటి దాకా వచ్చింది కూడా.

"లేదమ్మా. నేను ఒక్క దినం గూడా తాగలేదు" అన్నాను.

ఆమె ఒళ్ళో పడిన ఆకు దులుపుకుంది. తర్వాత, "ఆరేండ్లు సార్. ఒక్క పొద్దు గూడా తప్పిచ్చలేదు" అంది. గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. తల ఎత్తి నన్నే చూస్తూ అడిగింది.

"అట్లయితే సార్, నా నడుం వంగకపోయేది అహంకారం కాదా?"

"కాదమ్మా. నీలో అట్లాంటిది ఏమీ లేదు. నేనే తప్పు చెప్తిని."

ఆమె చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. తిట్టలేదు. "నాలో ఏముండాదో అని ఎంత భయపడితినో సార్" అని ఏడ్చింది. మునెప్ప బుట్ట కింద పెట్టి వచ్చి పక్కన నిలబడ్డాడు. నేను చచ్చిపోతే బాగుండుననిపించింది.

ఏడుపు ఆగాక ముక్కు తుడుచుకుని, "సరే. ఇప్పుడు నేనేం చెయ్యల్ల సార్? చెప్పండి, చేస్తా" అంది.

మొదటి రోజు వచ్చి అడిగిన గొంతే అది. అదే నమ్మకం. ఇంత జరిగాక కూడా ఈ మనిషి నేను ఏది చెబితే అది చేస్తుంది! ప్రతిదానికీ నా దగ్గర ఒక ఆసనమో, ఒక సూక్తో ఉండేది. ఆ పూట ఒక్కటీ రాలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

ఆమె కొడవలి చేతిలోకి తీసుకుంది.

"అయితే తెలుసుకొని రాండి సార్. నేను యాడికి పోతా? ఈడనే ఉంటా" అంది.

బయటికి వచ్చి సైకిలెక్కడానికి కాలెత్తాను. ఏ నొప్పీ లేకుండా, హాయిగా, నడుము ఎత్తుకు లేచింది. వాళ్ళిద్దరూ గుమ్మంలోంచి చూస్తున్నారు. నా ఒంటిని చూసి నాకే సిగ్గేసింది. కాలు దించేసి, ఊరు దాటే దాకా సైకిలు నడిపించుకుంటూ పోయాను.